బొగ్గు తవ్విన నేల: ఉపరితల గనులు, గ్రామీణ పర్యావరణం – ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- గోదావరి లోయలో బొగ్గు తవ్వకం భూగర్భ గనుల నుంచి ఉపరితల గనులకు మారిన క్రమాన్ని వివరించగలుగుతారు.
- ఉపరితల గనుల వల్ల నేలకు, నీటికి, గాలికి, గ్రామ జీవనానికి కలిగే మార్పులను కారణాలతో సహా చెప్పగలుగుతారు.
- బొగ్గు గనులు లేని కృష్ణా మెట్ట ప్రాంతానికి ఈ చరిత్రతో ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
- మీ సొంత గ్రామ పర్యావరణ చరిత్రను రాయడానికి పనికివచ్చే ఆధారాలను సేకరించగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర పాఠ్యగ్రంథాలలో భూమి సాధారణంగా రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి, రాజ్యాల విస్తీర్ణం చెప్పేటప్పుడు. రెండు, శిస్తు విధానాలు చెప్పేటప్పుడు. రెండు సందర్భాలలోనూ భూమి చేతులు మారుతుందే గాని తాను మారదు. యజమాని మారినా పొలం పొలంగానే ఉంటుంది. పర్యావరణ చరిత్ర ఈ ఊహను ప్రశ్నిస్తుంది. భూమి స్వరూపమే మారిపోయినప్పుడు దానిమీద ఆధారపడిన పంట, చెరువు, ఊరు, పని, హక్కు ఎలా మారతాయో పరిశీలిస్తుంది. ఈ పరిశీలనకు ఉపరితల బొగ్గు గని, అంటే జనం వాడుకలో ఓపెన్‌కాస్ట్, మన తెలుగు నేలమీద దొరికే అతి స్పష్టమైన ఉదాహరణ.

ఈ పాఠాన్ని కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు విద్యార్థులను దృష్టిలో ఉంచుకుని రాశాను. మా ప్రాంతంలో బొగ్గే లేదు గదా, ఈ పాఠం మాకెందుకు అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు మూడు విధాలు. మొదటిది, బొగ్గు కాకపోయినా, నేలను పైనుంచి తవ్వడం మీ ప్రాంతంలో శతాబ్దాల నాటి పని. రెండవది, సింగరేణి బొగ్గు తొలినాళ్ల నుంచీ మీ జిల్లా మీదుగా ప్రయాణిస్తున్నది. దానిలో కొంత మీ పొరుగునే మండి బూడిదగా మిగులుతున్నది. మూడవది, బొగ్గు గనుల పల్లెలు ఎదుర్కొన్న ప్రశ్నలే రేపు సున్నపురాయి, కంకర క్వారీల పక్కనున్న పల్లెలకు ఎదురవుతాయి. కొన్నిచోట్ల ఇప్పటికే ఎదురయ్యాయి.

2. కృష్ణా మెట్టలో తవ్వకాల పూర్వచరిత్ర

కంచికచర్ల మండలంలో గని ఆత్కూరు అనే ఊరుంది. ఆ పేరు ముందున్న 'గని' వజ్రాల గని. దానికి చేరువలోని పరిటాల, దాని చుట్టుపక్కల గ్రామాలు వజ్రాలకు పేరుపొందినవి. ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కినా ఈ వజ్రాల గ్రామాలను నిజాం తన అధీనంలోనే ఉంచుకున్నాడు. అందువల్ల నలువైపులా బ్రిటిష్ ఇండియా ఉన్నప్పటికీ పరిటాల పరగణా 1948 వరకు హైదరాబాదు సంస్థానంలో ఒక దీవిలా మిగిలింది. భూమి కింద ఉన్నదానిని బట్టి భూమిపై సరిహద్దు గీశారన్న మాట. గనుల చరిత్రలో ఈ విషయం మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

కృష్ణకు ఆవలి ఒడ్డున పల్నాటిలోని కొల్లూరు గనిని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే చూశాడు. స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిపి అరవై వేల మంది అక్కడ పనిచేస్తున్నట్లు అతడు రాశాడు. ఆ అంకెను అలాగే నమ్మనక్కరలేదు గాని, తవ్వకం పద్ధతి గురించి అతడు చెప్పిన ఒక వివరం మనకు ముఖ్యం. పది నుంచి పద్నాలుగు అడుగుల లోతు తవ్వేవారు. నీరు పడగానే ఆ గుంటలో ఇక ఆశ లేదని ఆపేసేవారు. అంటే పాతకాలపు తవ్వకానికి భూగర్భజలమే హద్దు. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయం నీటిలో ఉంది. ఆధునిక ఉపరితల గనికి నీరు హద్దు కాదు. తోడి పారబోయవలసిన అడ్డంకి మాత్రమే. ఈ తేడాను గుర్తుంచుకోండి. పాఠంలో తరువాత దీనిని ఉపయోగిస్తాం.

జగ్గయ్యపేట వైపు వెళితే కథ సున్నపురాయిది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వి పరిశీలించిన జగ్గయ్యపేట బౌద్ధస్తూపం శిల్పఫలకాలు ఈ ప్రాంతపు సున్నపురాతిలో చెక్కినవే. మాంధాత చక్రవర్తి శిల్పంగా ప్రసిద్ధమైన ఫలకం నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. రెండువేల ఏళ్లనాడు శిల్పి ఎంచుకున్న ఆ రాతి జాతినే 1980ల చివరి నుంచి సిమెంటు కర్మాగారాలు పెద్ద ఎత్తున తవ్వుతున్నాయి. తూర్పున పరిటాల, దొనబండ కొండలలో రోడ్డు మెటల్ క్వారీలు, క్రషర్లు నడుస్తున్నాయి. రాయి ఒకటే అయినా పరిమాణం మారితే చరిత్ర మారుతుంది. ఉలితో తీసిన రాయి కొండమీద మచ్చ మిగిల్చింది. పేలుడుతో తీసే రాయికి కొండే మిగలదు.

3. సింగరేణి: బాయి నుంచి ఓపెన్‌కాస్టుకు

3.1 తొలి దశ

ప్రాణహిత–గోదావరి లోయలో సుమారు 350 కిలోమీటర్ల పొడవునా గోండ్వానా శిలలలో బొగ్గు పొరలున్నాయి. 1871లో భారత భూగర్భ సర్వే శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు సమీపంలోని సింగరేణి గ్రామం వద్ద బొగ్గును గుర్తించాడు. కడప, కర్నూలు శిలాసముదాయాలపై 1872లో వెలువడిన ప్రసిద్ధ నివేదిక కూడా ఈయనదే. ఇల్లెందులోని ఒక పొరకు ఆయన పేరే పెట్టారు. నేటికీ అది కింగ్ సీమ్.

1886లో లండన్‌లో స్థాపితమైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి నిజాం ప్రభుత్వం ఖనిజాల తవ్వకం హక్కులు ఇచ్చింది. ఆ కంపెనీ వాటాల అమ్మకంలో జరిగిన అక్రమాలపై 1888లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ విచారణ జరిపింది. బొగ్గు ఇంకా పూర్తిగా బయటికి రాకముందే బొగ్గుపై హక్కు సరుకైంది. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలయింది. అదే ఏడాది నిజాం రైలుమార్గం బెజవాడను చేరింది. డోర్నకల్ నుంచి ఇల్లెందు గనులకు శాఖామార్గం వేశారు. మధిర, కొండపల్లి మీదుగా బెజవాడకు నేటికీ సాగుతున్న ఆ రైలుమార్గం ప్రధాన ప్రయోజనాలలో బొగ్గు రవాణా ఒకటి.

1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో హైదరాబాదు ప్రభుత్వం అధిక వాటాలు కొన్నది. ప్రస్తుతం తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటాలున్నాయి.

ఈ మొదటి ఎనభై ఏళ్లకు పైగా తవ్వకమంతా భూగర్భంలోనే. కార్మికులు గనిని 'బాయి' అనేవారు. బాయిలోకి దిగడం, తట్టా చెమ్మస్, మూడు షిఫ్టుల బతుకు, కాలరీ పట్టణాల సంస్కృతి ఆ దశకు చెందినవి. పర్యావరణంపై ఆ దశ ప్రభావం లేదనలేం. గనుల పైకప్పులకు దిమ్మెలుగా వాడడానికి అడవి కలప నరికారు. తవ్విన చోట నేల కుంగేది. అయినా చాలా చోట్ల గనికి పైన పొలం, అడవి, ఊరు ఏదో ఒక రూపంలో ఉండేవి.

3.2 మార్పుకు కారణాలు

1975లో సింగరేణిలో ఉపరితల తవ్వకం ప్రారంభమయింది. దీని వెనుక మూడు కారణాలు చెప్పవచ్చు.

మొదటిది, విద్యుత్తు అవసరం. 1973 చమురు సంక్షోభం తరువాత దేశం బొగ్గువైపు మరింత మొగ్గింది. కొత్తగూడెంలో 1966లో, ఇబ్రహీంపట్నంలో 1979లో, రామగుండం ఎన్టీపీసీలో 1983లో తొలి యూనిట్లు పని ప్రారంభించాయి. ఇంత బొగ్గును పారతో, తట్టతో అందించడం సాధ్యం కాదు.

రెండవది, ఖర్చు, రాబడి. భూగర్భ గనిలో పైకప్పు కూలకుండా బొగ్గు స్తంభాలను వదిలిపెట్టాలి. అందువల్ల పొరలో పెద్ద భాగం లోపలే మిగిలిపోతుంది. ఉపరితల గనిలో దాదాపు మొత్తం తీయవచ్చు.

మూడవది, ప్రాణభద్రత. భూగర్భ గనిలో పైకప్పు కూలడం, విషవాయువులు, నీటి ఉప్పెన నిత్యభయాలు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఓపెన్‌కాస్టును విమర్శించేవారు ఈ వాస్తవాన్ని పక్కన పెట్టి మాట్లాడకూడదు. బాయి కార్మికుని ప్రాణానికి హాని చేసింది. ఓపెన్‌కాస్ట్ ఆ హానిలో పెద్ద భాగాన్ని గని బయటనున్న ఊరికి మార్చింది. ఈ మార్పిడిలో ఎవరికేమి దక్కింది, ఎవరు ఏమి కోల్పోయారు అన్నదే చరిత్రకారుని ప్రశ్న.

ఫలితాలు అంకెలలో స్పష్టంగా ఉన్నాయి. 2023–24లో సింగరేణి ఉత్పత్తి 7 కోట్ల టన్నులు. దీనిలో పదింట ఎనిమిది వంతులకు పైగా ఉపరితల గనులదే. ఇదే కాలంలో కార్మికుల సంఖ్య 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్నది నలభై వేల దరిదాపుకు పడిపోయింది. భూమి ఇచ్చిన ఊరికి గనిలో ఉద్యోగం వస్తుందన్న పాత ఒప్పందం, రాతపూర్వకమైనా కాకపోయినా, యంత్రాల రాకతో బలహీనపడింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
పాత వజ్రాల గుంటకు, ఆధునిక ఉపరితల గనికి భూగర్భజలం విషయంలో ఉన్న తేడా ఏమిటి? నాలుగు వాక్యాలలో రాయండి.

4. పర్యావరణ ప్రభావాలు

4.1 నేల

ఉపరితల గనిలో బొగ్గు తీయాలంటే దానిపై ఉన్న మట్టిని, రాతిని పూర్తిగా తొలగించాలి. దీనిని ఓవర్ బర్డెన్, క్లుప్తంగా ఓబీ అంటారు. సింగరేణిలో టన్ను బొగ్గుకు సగటున ఐదారు ఘనపు మీటర్ల ఓబీ తీయవలసి వస్తున్నది. ఈ అంకె మనసుకు ఎక్కాలంటే ఒక లెక్క వేద్దాం. ఒక గూడ్సు రైలు సుమారు 3,500 టన్నుల బొగ్గు మోస్తుందనుకుందాం. దాని వెనుక దాదాపు ఇరవై వేల ఘనపు మీటర్ల మట్టి, రాయి ఉన్నాయి. ఆ మొత్తాన్ని ఒక ఎకరం పొలంలో పరిస్తే పదహారు అడుగుల ఎత్తు వస్తుంది. కొండపల్లి స్టేషన్లో బొగ్గు రైలు చూసిన ప్రతిసారీ మీరు ఆ ఎకరాన్ని కూడా ఊహించుకోవచ్చు.

తీసిన మట్టి గుట్టలవుతుంది. కొత్తగూడెం, మణుగూరు, రామగుండం, భూపాలపల్లి ప్రాంతాలలో దూరం నుంచి కొండల్లా కనిపించేవి చాలావరకు ఈ ఓబీ గుట్టలే. పొలంలో సారమంతా పైనున్న ఒకటి రెండు అడుగుల మట్టిలోనే ఉంటుందని రైతుకు తెలుసు. తవ్వేటప్పుడు ఆ పైమట్టిని వేరుగా దాచి, చివరికి మళ్ళీ పైన పరవాలన్నది నియమం. ఆచరణలో పైమట్టి, అడుగు రాయి కలిసిపోతే కింద ఉండవలసినది పైకి, పైన ఉండవలసినది కిందికి చేరుతుంది. అటువంటి గుట్టమీద గడ్డి వేళ్లూనడమే కష్టం. వానకు కొట్టుకుపోయిన ఒండ్రు వాగుల్లోకి, చెరువుల్లోకి చేరి వాటి లోతును తగ్గిస్తుంది. గనికి భూమి కోల్పోని రైతు కూడా ఇలా నష్టపోతాడు. కాని భూసేకరణ జాబితాలో అతని పేరు ఉండదు.

4.2 నీరు

వజ్రాల గుంట నీరు పడగానే ఆగిపోయేదని ముందు చెప్పుకున్నాం. ఓపెన్‌కాస్ట్ గని అడుగు భూగర్భజల మట్టానికి ఎంతో కిందికి పోతుంది. నీరు ఎప్పుడూ పల్లానికే చేరుతుంది గనుక చుట్టుపక్కల నేలలోని ఊట గనివైపు జారుతుంది. గని పనిచేయాలంటే ఆ నీటిని రాత్రింబగళ్లు మోటార్లతో తోడాలి. తోడేకొద్దీ ఊట ఇంకా దిగుతుంది. దీనివల్ల మొదట బావులు, ఆ తరువాత చేతిపంపులు, చివరికి బోర్లు ప్రభావితమవుతాయి. ప్రభావం ఎంత దూరం ఉంటుందన్నది అక్కడి రాతి స్వభావంపై ఆధారపడుతుంది. నీటిని తేలికగా నడిపే ఇసుకరాతిలో ఎక్కువ, గట్టి రాతిలో తక్కువ. గోదావరి లోయ బొగ్గు ప్రధానంగా ఇసుకరాతి పొరల మధ్యనే ఉంది.

గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. అందువల్ల అమెరికాలోని అపలేచియన్ కొండలలో వాగులను ఎర్రబార్చిన ఆమ్లజల సమస్య ఇక్కడ ఆ స్థాయిలో లేదు. పర్యావరణ చరిత్ర రాసేటప్పుడు ఒకచోటి హానిని మరోచోటికి అంటగట్టకూడదని ఇది మనకు నేర్పుతుంది. ఇక్కడి సమస్య ప్రధానంగా నీరు తరలిపోవడం, వాగుల దారి మళ్లించడం, ఒండ్రు చేరడం. గని నుంచి తోడిన నీటిని శుద్ధిచేసి ఊళ్లకు, పొలాలకు ఇస్తున్న సందర్భాలూ ఉన్నాయి. అయితే ఒకప్పుడు సొంత బావిలో తోడుకున్న నీరు ఇప్పుడు మరొకరు ఇస్తే వచ్చే నీరు. అది ఎన్నాళ్లు వస్తుందన్నది గని ఆయుర్దాయంతో ముడిపడి ఉంటుంది.

4.3 గాలి, పేలుళ్లు

పేలుళ్లు, షావెళ్లు, డంపర్లు నడిచే మట్టిరోడ్లు, బొగ్గు పగలగొట్టే కేంద్రాలు, లారీల రవాణా—ఇవన్నీ దుమ్ముకు పుట్టిళ్లు. ఆకుమీద పేరిన దుమ్ము వెలుతురును అడ్డుకుని పంట ఎదుగుదలను తగ్గిస్తుంది. సిమెంటు కర్మాగారాల, క్రషర్ల పక్కన పత్తి, మిర్చి వేసే రైతులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. బయటపడిన బొగ్గు గాలి తగిలి తనంతట తాను రాజుకోవడం మరో సమస్య. జార్ఖండ్‌లోని ఝరియాలో 1916లో గుర్తించిన భూగర్భ మంటలు ఇప్పటికీ పూర్తిగా ఆరలేదు.

పూర్వపు ఉమ్మడి కృష్ణా జిల్లా సరిహద్దుకు దగ్గరలో ఉన్న ఉదాహరణ సత్తుపల్లి. అక్కడి జలగం వెంగళరావు ఓపెన్‌కాస్ట్ గనులు దాదాపు పట్టణాన్ని ఆనుకుని ఉన్నాయి. పేలుళ్ల అదురుకు ఇళ్ల గోడలు బీటలు వారుతున్నాయని అక్కడి కాలనీల వాసులు ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. బొగ్గు లారీల రద్దీ, దుమ్ము మరో ఫిర్యాదు. 2022లో భద్రాచలం రోడ్–సత్తుపల్లి రైలుమార్గం ప్రారంభమయ్యాక రోడ్డు రవాణా భారం తగ్గే వీలు కలిగింది. రైలుమార్గం ముందు, గని తరువాత అనే క్రమం పాటించి ఉంటే మధ్యలోని ఏళ్ల దుమ్ము తప్పేది. అభివృద్ధిలో పనుల వరుస కూడా పర్యావరణ విషయమేనని ఈ ఉదాహరణ చెబుతుంది. సత్తుపల్లికి దక్షిణాన చింతలపూడి వైపు కూడా బొగ్గు పొరలు కొనసాగుతున్నట్లు సర్వేలు గుర్తించాయి. కాబట్టి ఇది ఆంధ్ర ప్రాంతానికి బొత్తిగా సంబంధం లేని చర్చ కాదు.

4.4 అడవి, ఊరు, హక్కు

ఇల్లెందు, మణుగూరు ప్రాంతాల గనులు ఎక్కువగా కోయల నివాసమైన అటవీ భూములలో ఉన్నాయి. భూసేకరణ చట్టం కాగితం చూస్తుంది. పట్టా ఉన్న భూమికి లెక్క ఉంటుంది. కాని పల్లె బతుకు పట్టా భూమిమీదే ఆధారపడదు. పశువుల బీడు, ఇప్పపువ్వు, తునికాకు, వంటచెరకు, వాగులో చేప, దేవర చెట్టు—వీటికి పట్టాలుండవు. పోడు భూములకు తరతరాల సాగు ఉన్నా కాగితం ఉండేది కాదు. షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించిన 1970 నాటి ఒకటవ నిబంధన, 2006 అటవీ హక్కుల చట్టం కొంత రక్షణ ఇచ్చాయి. 1997 సమత తీర్పు షెడ్యూల్డు ప్రాంతాల ప్రభుత్వ భూములలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవన్నది; ప్రభుత్వ సంస్థలకు ఆ అడ్డంకి లేదు.

తెలంగాణ ఉద్యమకాలంలో ఓపెన్‌కాస్టుల వ్యతిరేకత ఒక ముఖ్య నినాదమైంది. ఊళ్లకు ఊళ్లే లేచిపోవడాన్ని ఆ ప్రాంత రచయితలు, కళాకారులు, కార్మిక సంఘాలు ప్రజల దృష్టికి తెచ్చాయి. రాష్ట్రం ఏర్పడిన తరువాత కూడా ఉపరితల తవ్వకం తగ్గలేదు. విద్యుత్తు కోరిక, రాష్ట్ర ఆదాయం, గని ప్రాంతపు వేదన—మూడూ ఒకే ప్రభుత్వం ముందు నిలబడినప్పుడు మొదటి రెండింటికీ ఎక్కువ బలం ఉంటుందని ఈ అనుభవం తెలుపుతున్నది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
భూమి కోల్పోని రైతు కూడా ఉపరితల గని వల్ల ఏయే విధాల నష్టపోవచ్చు?

5. బొగ్గు ప్రయాణం చివర: ఇబ్రహీంపట్నం

గని వద్ద మొదలైన మార్పు గని వద్దే ఆగదు. కంచికచర్లకు తూర్పున, అదే జాతీయ రహదారిపై ఉన్న ఇబ్రహీంపట్నంలోని డాక్టర్ నార్ల తాతారావు తాప విద్యుత్ కేంద్రం 1979లో 210 మెగావాట్ల తొలి యూనిట్‌తో మొదలైంది. తరువాత 210 మెగావాట్ల యూనిట్లు ఆరయ్యాయి. ఆపై 500, 2023లో 800 మెగావాట్ల యూనిట్లు చేరాయి. దీనికి బొగ్గు ప్రధానంగా ఒడిశాలోని తాల్చేరు నుంచి, సింగరేణి నుంచి వస్తుంది. 210 మెగావాట్ల యూనిట్ పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు సుమారు ఒక గూడ్సు రైలు బొగ్గు కావాలి. మన దేశపు బొగ్గులో 30 నుంచి 40 శాతం వరకు బూడిద. అంటే ఆ ఒక్క రైలు బొగ్గు వెయ్యి టన్నులకు పైగా బూడిద మిగులుస్తుంది.

ఆ బూడిదను నీటితో కలిపి చెరువుల్లోకి పంపుతారు. చెరువు ఎండితే వేసవి గాలికి బూడిద లేస్తుంది. ఇక్కడ ఒక విచిత్రమైన కలయిక ఉంది. బూడిదను సిమెంటులో, ఇటుకలలో, రోడ్లలో వాడాలని 1999 నుంచి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వులున్నాయి. దానివల్ల జగ్గయ్యపేట సున్నపురాయి, గోదావరి లోయ బొగ్గు చివరికి ఒకే సిమెంటు బస్తాలో కలిసే అవకాశం ఏర్పడింది. బూడిద వాడకం పెరిగితే ఆ మేరకు సున్నపురాయి తవ్వకం తగ్గుతుంది. ఇది మేలే. అయితే బూడిద లారీలు పట్టా వేయకుండా నడిస్తే ఆ మేలు రోడ్డు పక్క ఊళ్లకు దుమ్ముగా అందుతుంది.

కృష్ణా డెల్టాలో, మెట్టలో పంపుసెట్లు నడిచింది చాలాకాలం ఈ కరెంటుతోనే. మెట్ట రైతు బోరు నుంచి నీరు పైకి రావడానికి కాల్చిన బొగ్గు కోసం మరొక మెట్ట రైతు ఊట కిందికి దిగిపోయింది. ఈ సంబంధం చెప్పడం ఎవరినీ నిందించడానికి కాదు. లాభం ఒక చోట, మూల్యం మరొక చోట ఉన్నప్పుడు లెక్క పూర్తికావాలంటే రెండు చోట్లా చూడాలి.

6. చట్టాలు, పునరుద్ధరణ

బ్రిటన్‌లో ఉపరితల బొగ్గు తవ్వకం రెండవ ప్రపంచయుద్ధ కాలపు అత్యవసర చర్యగా మొదలైంది. యుద్ధం ముగిసినా తవ్వకం దశాబ్దాలు సాగింది. అమెరికాలో 1977 చట్టం, తవ్విన నేలను దాదాపు పూర్వపు వాలుకు తేవాలని, అందుకు తగిన పూచీ సొమ్ము ముందే చెల్లించాలని నిర్దేశించింది. జర్మనీలో గార్జ్‌వైలర్ లిగ్నైట్ గని కోసం 2023లో ల్యూట్జెరాట్ అనే పల్లెను ఖాళీ చేయించిన ఘటన ప్రపంచమంతా చూసింది. ధనిక దేశమైనా, పేద దేశమైనా బొగ్గుమీద కూర్చున్న పల్లెకు మాట తక్కువేనన్నది ఈ పోలికల సారం.

మనదేశంలో 1974 జల చట్టం, 1980 అటవీ సంరక్షణ చట్టం, 1981 వాయు చట్టం, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం వరుసగా వచ్చాయి. 1994లో పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరి అయింది. 1997లో ప్రజాభిప్రాయ సేకరణ చేరింది. 2006లో ఈ విధానాన్ని తిరగరాశారు. బొగ్గు గనుల మూసివేత ప్రణాళికలకు మార్గదర్శకాలు 2009లో వచ్చాయి. ఈ తేదీలను సింగరేణి కాలరేఖ పక్కన పెట్టి చూడండి. తొలి ఉపరితల గనికి, మూసివేత మార్గదర్శకాలకు మధ్య 34 ఏళ్లు గడిచాయి. గొయ్యి ముందు వచ్చింది, గొయ్యి పూడ్చే నియమం తరువాత వచ్చింది.

గుట్టలపై మొక్కలు నాటడం, గుంటల్లో నీరు నిలిపి చేపలు పెంచడం, సౌర ఫలకాలు అమర్చడం జరుగుతున్నాయి. ఇవి మెచ్చదగినవే. అయితే పచ్చదనం, పునరుద్ధరణ ఒకటి కాదు. గుట్టమీద యూకలిప్టస్ వరుస నిలిచినంత మాత్రాన కింద పోయిన ఊట, బీడు, విత్తనం తిరిగిరావు. పైగా, చివరికి ఒక పెద్ద గుంట పూడకుండానే మిగులుతుంది. తొలినాటి మట్టి ఎక్కడో గుట్టగా స్థిరపడి ఉండడం, బొగ్గు స్థానం ఖాళీ కావడం దీనికి కారణాలు.

7. చరిత్ర విద్యార్థిగా మీ పని

ఇతర చారిత్రక మార్పులకు, ఉపరితల తవ్వకానికి ఒక ముఖ్యమైన తేడా ఉంది. కోట కూలితే పునాది మిగులుతుంది. ఊరు పాడుబడితే పాటిమట్టిలో కుండపెంకులు మిగులుతాయి. తవ్విన చోట మాత్రం ఆధారమే లారీ ఎక్కి పోతుంది. నేల తిరగబడ్డాక పాత చెరువు అలుగు ఎక్కడ ఉండేదో నేల చెప్పలేదు. కాబట్టి తవ్వకానికి ముందే రాసిపెట్టుకున్నదే చరిత్ర అవుతుంది.

మీ గ్రామం క్వారీకి దగ్గరలో ఉన్నా లేకపోయినా ఈ కింది ఆధారాలు మీకు అందుబాటులో ఉంటాయి. రెవెన్యూ గ్రామపటంలో చెరువులు, కుంటలు, డొంకలు, వాగులు గుర్తించి ఉంటాయి. అడంగల్‌లో ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో, ఏ నీటి ఆధారం ఉందో తెలుస్తుంది. మెకంజీ సేకరించిన కైఫీయత్తులలో మీ ఊరి ప్రస్తావన ఉండవచ్చు. 1883లో గోర్డన్ మెకంజీ కూర్చిన కృష్ణా జిల్లా మాన్యువల్ వజ్రాల గ్రామాల గురించి చెబుతుంది. ఇవన్నీ ఒకవైపు. మరోవైపు, మీ ఊళ్లో అరవై దాటిన వారిని అడిగి బావుల లోతు, ఏ నెల వరకు నీరుండేది, వాగులో ఏ చేపలు దొరికేవి, కొండమీద పశువులను ఎక్కడ మేపేవారు అన్నవి రాయండి. జ్ఞాపకాన్ని కాగితంతో, కాగితాన్ని జ్ఞాపకంతో సరిచూడండి. రెండూ కలవని చోట తొందరపడి ఒకదాన్ని కొట్టివేయకండి. అక్కడే అసలు ప్రశ్న దాగి ఉండవచ్చు.

గనికి అనుమతి కోరేటప్పుడు జరిగే ప్రజాభిప్రాయ సేకరణకు ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పర్యావరణ నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. దానిని చదివేటప్పుడు మూడు విషయాలు వెతకండి. మీ ఊరి చెరువులు, వాగులు అందులో ఉన్నాయా? బావుల నీటిమట్టం ఏ నెలలో కొలిచారు? గని మూసివేసిన తరువాత మిగిలే గుంట లోతు ఎంత? ఈ మూడింటికీ జవాబు చెప్పగల పట్టభద్రుడు ఊరికొక్కరున్నా ఆ సభలో మాట తీరు మారుతుంది. సభలో నమోదైన ప్రతి మాటా రికార్డులోకి ఎక్కుతుంది. రేపటి చరిత్రకారునికి అదే ఆధారం.

8. సారాంశం

కృష్ణా మెట్టలో వజ్రాలు, సున్నపురాయి, కంకర కోసం తవ్వకాలు చాలాకాలంగా జరుగుతున్నాయి. గోదావరి లోయలో 1889లో భూగర్భంలో మొదలైన బొగ్గు తవ్వకం 1975 నుంచి ఉపరితలానికి మారింది. విద్యుత్ అవసరం, తక్కువ ఖర్చు, కార్మికుల భద్రత దీనికి కారణాలు. ఫలితంగా ఉత్పత్తి పెరిగి ఉద్యోగాలు తగ్గాయి. నేల తిరగబడింది, ఊట దిగింది, దుమ్ము, అదురు ఊళ్లకు చేరాయి. పట్టా లేని హక్కులు లెక్కలోకి రాలేదు. బొగ్గు మండిన చోట బూడిద సమస్య మిగిలింది. చట్టాలు వచ్చాయి గాని చాలావరకు తవ్వకం తరువాత వచ్చాయి. తవ్వకానికి ముందే గ్రామ వివరాలను నమోదు చేయడం పర్యావరణ చరిత్ర విద్యార్థి చేయగల ఉపయోగకరమైన పని.

9. ముఖ్య పదాలు

ఉపరితల గని: పైనున్న మట్టిని, రాతిని తొలగించి ఖనిజాన్ని తీసే గని, ఓపెన్‌కాస్ట్.
ఓబీ: బొగ్గు పొరపై ఉండి, తొలగించవలసిన మట్టి, రాయి.
పైమట్టి: పంటకు ఆధారమైన, సారవంతమైన పై పొర.
ప్రజాభిప్రాయ సేకరణ: ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి ఇచ్చేముందు స్థానికుల అభిప్రాయాలు నమోదుచేసే బహిరంగ విచారణ.
మూసివేత ప్రణాళిక: గని పని ముగిశాక నేలను ఏ స్థితికి తేవాలో ముందుగా నిర్ణయించే పత్రం.

10. నమూనా పరీక్ష ప్రశ్నలు

వ్యాసరూప ప్రశ్నలు
1. సింగరేణిలో భూగర్భ గనుల నుంచి ఉపరితల గనులకు జరిగిన మార్పును, దాని కారణాలను చర్చించండి.
2. 'బాయి కార్మికునికి చేసిన హానిలో పెద్ద భాగాన్ని ఓపెన్‌కాస్ట్ ఊరికి మార్చింది.' ఈ అభిప్రాయాన్ని పరిశీలించండి.

సంక్షిప్త ప్రశ్నలు
1. పరిటాల పరగణా 1948 వరకు హైదరాబాదు సంస్థానంలో ఉండడానికి కారణమేమిటి?
2. పచ్చదనానికి, పునరుద్ధరణకు తేడా రాయండి.

క్షేత్ర అభ్యాసం
మీ గ్రామంలో వేర్వేరు దిక్కులలో ఉన్న ఐదు బావులను లేదా బోర్లను ఎంచుకోండి. వాటి లోతు, తవ్విన సంవత్సరం, నీరుండే నెలలు యజమానులను అడిగి పట్టికగా రాయండి. రెవెన్యూ పటంలో వాటి స్థానం గుర్తించి, మీకు తోచిన నిర్ధారణలను రెండు పుటలలో రాసి అధ్యయన కేంద్రంలోని కౌన్సెలర్‌కు చూపండి.